ఒక్క ప్రాణం రూలు

అక్షరాలు తప్పుపోతే మన్నించండి. యాభై ఏడేళ్ళ వయసులో పలక పట్టినదాన్ని, వత్తులు ఇప్పటికీ నా మాట వినవు. రాయడం కూడా మెల్లగానే సాగుతుంది. ఒక పేజీ నిండేలోపు పొయ్యి మీది పప్పు ఉడికి, చల్లారి, మళ్ళీ వేడిచేసుకోవాల్సి వస్తుంది. మీరు కూడా కాస్త నెమ్మదిగానే చదవండి.

మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. మా ఆయన ఆగయ్య పెళ్ళికి ముందు నుంచీ బాయిలోకి దిగాడు. లోపల ఆయనకు ఏమీ కాలేదు. రిటైర్మెంటు ఇంకా ఉండగానే ఊపిరితిత్తులు పాడై దవాఖానలో పోయాడు. ఆయన ఉద్యోగం మా ఒక్కగానొక్క బిడ్డ శోభకు వచ్చింది. మొదట పైన ఆఫీసులో ఫైళ్ళు మోసింది. ఆడవాళ్ళు కూడా పగటి షిఫ్టులో లోపలికి దిగవచ్చని కబురు వచ్చినప్పుడు, ఎవరూ అడగకముందే తనే వెళ్ళి పేరు ఇచ్చి వచ్చింది.

"లోపల ఏం పని బిడ్డా?" అని అడిగాను.

"పంపు కాడ అమ్మా. బాయిల ఊరిన నీళ్ళు పైకి తోడాలె. మోటారు ఎయ్యాలె, బంజెయ్యాలె, గంతే."

"నీళ్ళు పైన లేవా, సూసుకుంట కూసోనీకి?"

"పైన నీళ్ళకు నల్లా తిప్పితే సాలు. నా అసొంటిదానితోని పనేముంది?"

నవ్వించి తప్పించుకోవడం దానికి తండ్రి నుంచి వచ్చింది.

నా భయం పోగొట్టడానికి శోభే ఆ ఆటను నా ఫోనులో ఎక్కించింది. పచ్చ టోపీ పెట్టుకున్న చిన్న బొమ్మ ఒకటి నేలను తవ్వుకుంటూ దిగుతుంది. కింద బంగారం, రంగు రాళ్ళు ఉంటాయి. దిగిన దారి పొడవునా నిచ్చెన వేసుకోవాలి. చేతిలో దీపం ఉంటుంది, దానిలో నూనె ఉంటుంది. పైనున్న రాయి వదులుగా ఉంటే కూలి మీద పడుతుంది.

"నీకు బాయి అంటే బుగులు గదా. ఇండ్ల దిగి సూడు. దిగంగ దిగంగ అలవాటయితది."

రెండు రోజులు ఆడాను. మూడో రోజుకు విసుగొచ్చింది. రాయి పడి చచ్చిన బొమ్మ వెంటనే లేచి నిలబడుతుంది. మూడుసార్లు అలా లేస్తుంది. ఆ తర్వాత కూడా, ఏదో ఒక ప్రకటన చూస్తే చాలు, ఇంకో ప్రాణం ఇస్తామంటుంది ఫోను.

"ఇదేం ఆటనే? సచ్చినోడు లేసి దుమ్ము దులుపుకుంటుండు. మీ నాయిన పనిచేసిన కాడ గట్ల లేసినోన్ని ఒక్కన్ని సూపియ్యి నాకు."

"అయితే నువ్వే రూల్ పెట్టమ్మా. గా ఫోన్ రూల్ మనకెందుకు?"

అట్లా మొదలైంది. ఒకటే ప్రాణం అన్నాను, శోభ ఆటలో అట్లాగే మార్చిపెట్టింది. బొమ్మ చచ్చిందంటే చచ్చినట్టే. తవ్విందంతా చెరిపేసి, మళ్ళీ పై మట్టి నుంచి మొదలుపెట్టాలి. ప్రకటన చూసి లేపితే తొండి. కప్పు చూడకుండా ముందుకు అడుగు వేయకూడదన్నాను. బాయిలో నెత్తి మీద ఉండే రాతిని కప్పు అంటారు. "కప్పు కూలేముందు మాట్లాడతది, ఇనేటోడు ఉండాలె" అనేవాడు మా ఆయన. ఆటలో కూడా రాయి పడబోయే ముందు నలుసంత మట్టి రాలుతుంది. శోభ తొందర మనిషి, గబగబా తవ్వేది. నేను దాని చెయ్యి పట్టి ఆపి, రాలుతుందేమో చూసి, అప్పుడు వదిలేదాన్ని. వెనక వదిలేసిన బంగారం కోసం తిరిగి పోకూడదన్న రూలు మాత్రం పోట్లాడుకొని పెట్టుకున్నాం.

చిత్రమేమిటంటే, రూళ్ళు పెట్టుకున్నాకే ఆట రుచి పుట్టింది. ఒక్క ప్రాణమే అయ్యేసరికి తవ్వడానికి వేలితో తట్టే ప్రతిసారీ గుండె కొట్టుకునేది. అన్నం తింటూ కూడా ఆ బొమ్మను ఎటు తిప్పాలా అని మాట్లాడుకునేవాళ్ళం.

అప్పుడు శోభ ఇంకో రూలు తెచ్చింది. "పేరు లేనోడు సస్తే ఎవలికి బాధ? బొమ్మకు పేరు పెట్టాలె. మనకు తెల్సినోళ్ళ పేరు."

మొదటి పేరు నేనే రాశాను. మా కోళ్ళను కట్టె పట్టుకొని తరిమే, వెనక క్వార్టర్ల లైనులో ఉండే రాజం పేరు. రాజం ఒక్క పూట కూడా బతకలేదు. నవ్వి నవ్వి మా ఇద్దరికీ కడుపు నొప్పి పుట్టింది. తర్వాత మా పక్క క్వార్టర్ పూలమ్మ. ఆమె రెండు రోజులు దర్జాగా దిగి, మూడోనాడు పొద్దున్నే రాయి కింద పడింది. కబురు ఎట్లా తెలిసిందో, పూలమ్మ చీపురు పట్టుకొనే మా వాకిట్లోకి వచ్చింది.

"ఏమే శోభా, నన్ను పొద్దుగాల్నే సంపినవట? ఇంక చాయ్ గూడ తాగలేదే నేను!"

"బంగారం కోసం ఎనుకకు మర్రినవ్ చిన్నమ్మా. రూల్ తప్పినవ్."

"బంగారం ఉంటే మర్రనా మరి? నిజంగ ఉన్నా మర్రుత!"

పూలమ్మ అంత తేలికగా నవ్వగలిగిన మనిషి. కానీ ఆమె పెనిమిటి సదయ్య బాయిలోనే పోయాడు. ఆ రోజు ఆమెను తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు "కాలు బెణికింది, ఫికర్ చెయ్యకు, చెప్పులేసుకో" అన్నారు. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇచ్చారు. అప్పటి నుంచి మా లైన్లలో ఎవరైనా "ఫికర్ చెయ్యకు" అంటే ఫికరు మొదలవుతుంది. బాయి గేటు దగ్గర కుర్చీ వేస్తే ఏ ఆడదీ కూర్చోదు.

ఆ తర్వాతి బొమ్మకు ఏం పేరు పెట్టాలో నేను ఆలోచించేలోపే శోభ ఫోను లాక్కొని తన పేరు రాసేసింది.

"శోభ! ఇగ సూస్త, ఎట్ల సంపుతవో. ఇప్పుడాడు పానం పెట్టి."

"తీసెయ్యే. నీ పేరెందుకు?"

"పెట్టినంక మార్సనియ్యదమ్మా. సెరిపితే మన రూల్ ప్రకారం సచ్చినట్టే. సెరుపుతవా మరి?"

చెరపలేకపోయాను. పూలమ్మ ఆ మాట విని నవ్వలేదు. "గది మంచిగ లేదక్కా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

ఆట ఆటే అని నాకు తెలియదా? తెలుసు. తెలిసీ భయపడ్డాను. ఫోను మూసి పెట్టెలో దాచేద్దామంటే అదీ కుదరదు. మూసినా ఆ దీపంలో నూనె కరుగుతూనే ఉంటుంది. రోజూ తీసి, బొమ్మను దింపి, నూనె దొరికే చోటికి చేర్చి, పైకి తేవాలి. లేకపోతే చీకట్లో దానంతటదే పోతుంది. అట్లా నా బిడ్డ పేరు నా అరచేతిలో ఉండిపోయింది.

అప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా ఒక రూలు పెట్టుకున్నాను. శోభ బాయిలోకి దిగినప్పుడే నేను బొమ్మను దింపాలి. ఆమె షిఫ్టు దిగి వచ్చేలోపు బొమ్మను పైకి తెచ్చి, గడ్డి మీద నిలబెట్టాలి. బొమ్మ పైన ఉంటే శోభ ఇంటికి వస్తుంది. రోజూ అట్లాగే జరుగుతుంటే, అదే నిజమనిపించింది. రూళ్ళు రుచి కోసం పెట్టుకున్నవి. ఈ ఒక్క రూలు పెట్టుకున్నాక నాకు ఆ ఆటలో నవ్వు రాలేదు. బొటనవేలు చెమట పట్టి తెర మీద జారేది. కొంగుతో తుడుచుకుంటూ ఆడేదాన్ని. శోభ వచ్చి వాకిట్లో బూట్లు విప్పే చప్పుడు వినబడ్డాక గానీ నా భుజాలు కిందికి దిగేవి కావు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. శోభ టిఫిన్ డబ్బా పట్టుకొని "వస్తనమ్మా" అంది. మేము "పోతున్న" అనం. అది మలుపు తిరిగేదాకా చూసి, వెంటనే ఇల్లు ఊడవకుండా, ఫోను తీశాను.

మధ్యాహ్నం దాకా మెల్లగా తవ్వుకుంటూ బొమ్మను చాలా లోతుకు దింపాను. నూనె దండిగా దొరికే చోటు అక్కడే ఉంది. నిచ్చెన పక్కనే కప్పు నుంచి నలుసు రాలుతోంది. ముట్టుకోకుండా పక్కగా తప్పుకుని పైకి పోవాలి. కొంగుతో వేలు తుడుచుకున్నాను. సరిగ్గా అప్పుడే ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేశారు. మాకు అది రోజూ ఉండేదే. గోడలు అదురుతాయి, అరల్లో గిన్నెలు గలగలమంటాయి, మేము తలెత్తి కూడా చూడం. ఆ రోజు మాత్రం నా వేలు అదిరింది. బొమ్మ ఒక అడుగు అటు వేసింది.

రాయి పడింది. బొమ్మ మీద కాదు, నిచ్చెన మీద. పైకి పోయే దారి మూసుకుపోయింది.

నెత్తి మీద ఇంకో రాయి వదులుగా ఉంది. మట్టి రాలుతూనే ఉంది. దీపం వెలుగు చిన్నదై, బొమ్మ చుట్టూ చీకటి దగ్గరికి వచ్చింది. పక్క నుంచి తవ్వుకుంటూ పోతే బయటపడవచ్చు, కానీ ఒక్క తట్టు కూడా తప్పు పోకూడదు. ఒక్కో తట్టుకు ఆగి, కప్పు చూసి, మళ్ళీ తట్టాను. ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయిందని కూడా చాలాసేపటికి గానీ తెలియలేదు.

షిఫ్టు వదిలిన సైరన్ వినబడింది. బొమ్మ ఇంకా కిందే ఉంది. వానలో మోటారు సైకిళ్ళు ఒక్కొక్కటే లైనులోకి వస్తున్నాయి. చెవి వాకిట్లో పెట్టి, కళ్ళు ఫోనులో పెట్టి కూర్చున్నాను. బూట్ల చప్పుడు రాలేదు. మోటారు సైకిళ్ళు రావడం ఆగిపోయింది. శోభ ఫోను బాయి పైన పెట్టెలోనే ఉంటుంది, లోపలికి తీసుకుపోనివ్వరు. చేసినా ఎత్తేవాళ్ళు ఉండరు. చేద్దామన్నా, బొమ్మను ఆ రాయి కింద వదిలి వేలు ఎట్లా తీయను?

అంతలో ఫోనే మోగింది. తెర మీద సంపత్ పేరు. బాయి పైన, తలకు కట్టుకునే లైట్లు ఇచ్చే గదిలో పనిచేసే పిల్లవాడు. వాడు నాకు ఎప్పుడూ ఫోను చేయడు.

ఎత్తితే ఆట వెనక్కి పోతుంది. వెనక ఆ రాయి ఆగదు. ఎత్తకపోతే నా బిడ్డ కబురు నాకు తెలియదు. అది మోగుతోంది, చేతిలో వణుకుతోంది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆగిపోయింది. మళ్ళీ మోగింది. రెండోసారి ఎత్తాను.

"పెద్దమ్మా, కరెంటు పోయింది. మనుషుల్ని పైకి తెచ్చే తాడు కుర్చీలు ఆగినయ్. అందరు నడిసి వస్తున్నరు. మన శోభ జర ఎనుకున్నది. ఫికర్ చెయ్యకు..."

"ఎందుకు ఎనుకున్నది? సంపత్! ఎందుకు?"

వాన గరగరలో మాట తెగిపోయింది. ఫోను చెవి నుంచి తీసి చూశాను. తెర మీద రాళ్ళ కుప్ప. దాని కింద పచ్చ టోపీ అంచు. పైన అక్షరాలు. నేను చదవగలను, అదే నా ఖర్మ. 'శోభ చనిపోయింది.'

కింద ప్రకటన చూస్తే మరో ప్రాణం అని ఉంది. అంకెలు వెనక్కి తగ్గుతున్నాయి. తొండి అని నాకు తెలుసు. ఆ రూలు పెట్టిందే నేను. అయినా నొక్కాను. నొక్కితే, వానకు నెట్ అందక, తెర మధ్యలో ఒక చక్రం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ప్రకటన రాదు, ప్రాణం రాదు, చక్రం ఆగదు.

కేకేసినట్టున్నాను. పూలమ్మ పరుగెత్తుకొని వచ్చింది.

"ఏందక్కా? ఏమైంది?"

"శోభ రాలే. సంపత్ ఫోన్ చేసిండు. కుర్చీలు ఆగినయట, నడిసి వస్తున్నరట. శోభ ఎనుకున్నదట. ఫికర్ చెయ్యకన్నడు."

పూలమ్మ వాకిట్లోకి వెళ్ళి నా చెప్పులు తెచ్చి, నా కాళ్ళ ముందు పెట్టింది.

ఇద్దరమూ ఆటో ఎక్కాం. కరెంటు పోతే తాడు కుర్చీలే కాదు, పంపులు కూడా ఆగుతాయి. పంపులు ఆగితే నీళ్ళు పెరుగుతాయి. నా బిడ్డ ఉండేది నీళ్ళు వచ్చి చేరే అడుగున. ఆగయ్యతో ఇన్నేళ్ళు కాపురం చేసినదానికి ఇది ఒకరు చెప్పాలా? వాన ఆటో పరదాను కొడుతోంది. ఫోను కొంగులో చుట్టి పొట్టకు అదుముకున్నాను. చూడలేదు.

గేటు లోపల, లైట్ల గది ముందు రేకుల కింద మమ్మల్ని ఆపారు. బాయి నోరు అక్కడి నుంచి కనబడదు. దారి మలుపు తిరిగి వచ్చేవాళ్ళే కనబడతారు. నల్లటి ముఖాలు, తడిసిన బట్టలు, నెత్తి మీద లైట్లు. ఒక్కొక్క లైటు రాగానే మెడ చాచి చూశాను. మగవాళ్ళు. అందరూ మగవాళ్ళే.

"శోభ ఏది?" అంటే "వస్తున్నది" అన్నారు కొందరు. కొందరు ఏమీ అనకుండా పక్కగా పోయారు. అలసిపోయి పోయారో, చెప్పలేక పోయారో ఎట్లా తెలుస్తుంది?

సంపత్ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. "కూసో పెద్దమ్మా. తడుస్తున్నవ్."

పూలమ్మ నా రెక్క గట్టిగా పట్టుకుంది. "కూసోకక్కా." ఆమె గొంతు గుసగుసలాగా వచ్చింది. "నిలవడే ఉండు."

"మంచినీళ్ళన్న తాగుతవా?" అన్నాడు వాడు.

"నీళ్ళొద్దు, ఏమొద్దు, పోరా నువ్వు!" అని పూలమ్మ అరిచింది. పాపం, వాడికేం తెలుసు. సదయ్య పోయేనాటికి వాడు పుట్టి కూడా ఉండడు.

నిలబడే ఉన్నాను. వచ్చే లైట్లు తగ్గిపోయాయి. కాసేపు ఎవరూ రాలేదు. ఆ కాసేపటిని నేను రాయలేను. ఒక్కటి మాత్రం గుర్తుంది. తెర మీది చక్రం నా కళ్ళు మూసుకున్నా లోపల తిరుగుతూనే ఉంది.

తర్వాత మలుపు దగ్గర ఒక లైటు కనబడింది. కుంటుకుంటూ, నిలబడి ఊపిరి తీసుకుంటూ వస్తోంది. దాని వెనక ఇంకో లైటు. ముందున్నది వయసు మళ్ళిన కార్మికుడు, గుండె జబ్బు మనిషి. ఆయన వీపు మీద చెయ్యి వేసి, వెనక నుంచి తోసుకుంటూ వస్తున్నది శోభ.

ఆయనను అప్పగించి, నన్ను చూసి, "ఏందమ్మా, నువ్వెందుకొచ్చినవ్ గీ వానల?" అని, నా వెనక ఖాళీగా ఉన్న కుర్చీలో ధబ్బున కూలబడింది. "అబ్బా, కాళ్ళు! ఎవలేసిన్రో గానీ పుణ్యముంటది. సంపత్ అన్నా, నీళ్ళియ్యే!"

పూలమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. నేను శోభ వీపు మీద ఒకటి గట్టిగా కొట్టాను. చెయ్యి నల్లగా అయింది.

"గీ కాకకు దమ్మొచ్చి నడవలేకపోయిండు. ఎట్ల ఇడిసిపెట్టొస్తనే? అందుకే నీకు చెప్పుమని కిందున్న కంపెనీ ఫోన్ల సంపతన్నకు చెప్పిన."

"నీళ్ళు? పంపు బందయితే నీళ్ళు?"

"ఒక్క పూటకు బాయి మునుగుతదా అమ్మా? రేపు నాకు పని పెరుగుతది, గంతే."

నా కొంగులో ఫోను పాట పాడింది. శోభ తీసి చూసింది. దారిలో ఎక్కడో నెట్ అంది, ప్రకటన దానంతటదే అయిపోయినట్టుంది. ప్రకటనలోని కుక్కర్ బొమ్మ పోయి, పచ్చ టోపీ బొమ్మ రాళ్ళ పక్కన నిలబడి ఉంది. 'శోభకు మరో ప్రాణం వచ్చింది' అని పైన ఉంది.

"అమ్మా! ప్రకటన సూసినవా? తొండి! తొండి ఆడినవ్!"

"ఆడిన. నీ పేరు కాడ తొండి ఆడకుంటే ఇంకెవల పేరు కాడ ఆడాలె?"

నవ్వబోయి నా ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. నేను రోజూ బొమ్మను ఎప్పుడు దింపేదాన్నో, ఎప్పుడు పైకి తెచ్చేదాన్నో అప్పుడు చెప్పాను. పూలమ్మ ముందే చెప్పాను. శోభ కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టబోయింది. నేను కూర్చోలేదు.

"గింత బుగులు పెట్టుకొని ఆడుతున్నవా అమ్మా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఆట గదా అంటవ్."

ఇంటికి వచ్చి, స్నానం చేసి, శోభ నా పక్కన కూర్చుంది. దీపంలో మిగిలిన కాస్త నూనెతో బొమ్మను ఇద్దరం కలిసి పైకి తెచ్చాం. ఒక్కో తట్టుకు నేను కప్పు చూశాను, అది తట్టింది. గడ్డి మీద నిలబెట్టాక, ఇక నూనె కరగకుండా బొమ్మ చేత దీపం అప్పగించే మీట శోభ చూపించింది, దానితో కొత్త రూలు పెట్టుకున్నాం. దీపం అప్పగించినవాళ్ళు రిటైరయినట్టే, మళ్ళీ దింపకూడదు.

"ఇగ ఎవల పేరు పెడ్దాం? రాజం కాకను మల్ల సంపుదామా?"

ఫోను తీసుకొని నేనే రాశాను. వత్తు ఎక్కడుందో వెతుక్కోవడానికి కాసేపు పట్టింది. నా పేరు.

శోభ వద్దనబోయింది. "పెట్టినంక మార్సనియ్యదు" అన్నాను.

ఇప్పుడు కూడా శోభ "వస్తనమ్మా" అని మలుపు తిరగగానే నేను బొమ్మను దింపుతాను. భయం పోలేదు. బ్లాస్టింగ్ చప్పుడుకు ఇప్పుడు గిన్నెలకన్నా ముందు నేనే అదురుతాను. కానీ బొమ్మ మీద మట్టి రాలినప్పుడు వేలు చెమట పట్టడం మానింది. అక్కడున్నది నేనే కదా. కింద ఎక్కడో నా బిడ్డ దిగుతున్నప్పుడు, దానికన్నా రెండడుగులు ముందు, కప్పు చూసుకుంటూ, నేను దిగుతున్నాననుకుంటాను.

నిన్న మళ్ళీ చచ్చిపోయాను. శోభ డ్యూటీ నుంచి వచ్చి చూసి, "బంగారం కోసం మర్రినవా?" అని అడిగింది. మర్రలేదని చెప్పి, అన్నం పెట్టాను.

సారవ్వ, అరవై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు ఉండేది గోదావరిఖనిలో, నా బిడ్డ శోభ క్వార్టర్‌లో.